ఆగ్నెస్ ఎలా మాట్లాడేది

జనవరి 14

గొంతు రావడం లేదు కాబట్టి రాస్తున్నాను. వేరే కారణమేమీ లేదు.

డిసెంబరులో థైరాయిడ్ ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ తీసేశారు. భయపడాల్సినది కాదన్నారు. కానీ స్వరపేటికలో ఎడమ తీగకు వెళ్లే నరం మొద్దుబారింది. కొందరికి ఇలా అవుతుందట. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందట. "చాలామందికి" అన్న తర్వాత డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆమెకు దగ్గు వచ్చి ఉంటుంది.

రోజూ బిగ్గరగా ఏదో ఒకటి చదవమని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. ఈ పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చదివాను. సిరి బ్యాగు తగిలించుకుంటూ విని, "డాడ్, యు సౌండ్ లైక్ ఎ పంక్చర్" అంది. దానికి పదకొండేళ్లు. ఈ గ్లాస్గోలోనే పుట్టింది. ఎదుటివాళ్ల మనసు కోసం మాట మార్చడం ఇంకా నేర్చుకోలేదు.

జనవరి 15

డబ్బా వెనక వైపు చదివాను. నిన్నటికంటే మెరుగు.

జనవరి 19

ఇవాళ ఒక వింత జరిగింది.

పాలు తీసుకుని మెట్లెక్కుతుంటే కింది ఫ్లాట్ ముసలావిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ కోటు, చేతిలో తెల్ల కర్ర. మూడేళ్లుగా ఆమెను చూస్తూనే ఉన్నాను. "హలో, బాగా చలిగా ఉంది" తప్ప ఇంకో మాట లేదు మా మధ్య.

"కార్న్‌ఫ్లేక్స్ చదివేది నువ్వేనా?" అంది.

వెనక పెరట్లోకి అన్ని వంటింటి కిటికీలూ తెరుచుకుంటాయి. నాకు సిగ్గేసింది. అవునన్నాను, అంటే గాలి వదిలాను.

"రైబోఫ్లేవిన్ దగ్గర రోజూ తడబడుతున్నావు. ఎలాగూ చదువుతున్నావు కదా, కిందికొచ్చి నాకు చదువు. నా చూపు మధ్యలో మచ్చ పడింది. అంచులు కనిపిస్తాయి, అక్షరాలు కనిపించవు."

ఏం చదవాలని అడిగాను.

"నేను రాసినవి" అంది. "నవలలు. ఏడు ఉన్నాయి. అవి నాకు చదివిపెట్టేవాళ్లు లేరు. సీడీలుగా కూడా రాలేదు, అంత గొప్పదాన్ని కాదు."

పేరడిగితే చలపతి అన్నాను. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని సరిగ్గా పలికింది. ఆఫీసులో పన్నెండేళ్లుగా నేను 'చాల్'ని.

ఆమె పేరు ఎఫీ లోగన్.

జనవరి 20

నా భార్య నాగజ్యోతి హాస్పిటల్ ఫార్మసీ డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. చెప్పడమంటే సగం గొంతు, సగం చేతులు.

"ఆ మచ్చల కండ్లామె నవలలు రాసిందా? మనింటి కిందనా?" బూట్లు విప్పుతూనే ఫోన్ తీసి వెతికింది. "ఇదిగో బావా, నిజమే. ఫోటో కూడా ఉండాది. అబ్బా, ఎంత నాజూగ్గా ఉండాదో సూడు."

మాది ప్రొద్దుటూరు, వాళ్లది జమ్మలమడుగు. మా అత్త కూతురే. ఆఫీసు ఫోన్లలో నేను మాట్లాడే భాష విని మొదట్లో పడీపడీ నవ్వేది.

ఇంటర్నెట్లో ఉన్నది కొంచెమే. పెయిస్లీలో దారం మిల్లు కార్మికుల కూతురు. పదిహేనేళ్లకే మిల్లులో చేరింది. సాయంత్రం క్లాసులకు వెళ్లి టైపు నేర్చుకుని బడిలో గుమాస్తా అయింది. ముప్పై ఏళ్లలోపే మొదటి నవల. నాలుగో నవల 'ఎ స్పూల్ ఫర్ ఆగ్నెస్', అంటే ఆగ్నెస్‌కో దారపు కండె, దేశమంతా చదివారట. ఆ తర్వాత మూడు. ఈ శతాబ్దం మొదట్లో చివరి నవల వచ్చింది. అంతే. ఇరవై ఏళ్లకు పైగా ఒక్క వాక్యం కూడా లేదు.

ఎందుకు ఆపేసింది?

గొంతు కోసమే వెళ్తున్నాను. అయినా తెలుసుకోవాలని ఉంది.

జనవరి 23

మొదటి నవల మొదలుపెట్టాను. ఆమె గదిలో కుర్చీని నాకు కిటికీ వైపు వేసి, తను గోడ వైపు తిరిగి కూర్చుంది. ముఖం చూస్తే మర్యాద కోసం చదువుతావు అంది.

రెండు అధ్యాయాలయ్యాక, "ఎలా ఉంది?" అని అడిగింది. ఆ అడగడం మామూలుగా లేదు. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్ల అడిగినట్టుంది.

నాకు సాహిత్యం తెలియదని చెప్పాను. నేను కంప్యూటర్ సపోర్ట్ వాణ్ని. క్లయింట్ల సర్వర్లు పడిపోతే ఫోన్లో కూర్చుని అందరినీ శాంతపరిచేవాణ్ని.

"తెలియదు కాబట్టే నిన్ను పిలిచాను. చెప్పు."

"బాగుంది. వాన ఎక్కువైంది."

కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. "యాభై ఏళ్లు పట్టింది ఒకడు ఆ మాట చెప్పడానికి" అంది.

జనవరి 30

మేనేజరు నుంచి మెయిల్. ఎలా ఉన్నావు, వీలైతే ఒకసారి ఫోన్లో మాట్లాడదామా అని. వచ్చే వారం చేస్తాను. గొంతు ఇంకాస్త కుదురుకుంటే బాగుంటుంది.

ఇవాళ ఎఫీ దగ్గర పాతిక పేజీలు చదివాను. చాలా మెరుగు.

ఫిబ్రవరి 6

ఎందుకు ఆపేశారని అడిగేశాను. "కళ్లు" అంది వెంటనే.

ఇంటికొచ్చి ఆలోచిస్తే కుదరలేదు. కళ్లు పాడైంది ఆరేడేళ్ల కిందటేనని పోయిన వారం ఆమే చెప్పింది.

ఫిబ్రవరి 11

మళ్లీ అడిగాను, వేరే దారిలో. చివరి నవల రాసేటప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉండేవారని. భర్త హామిష్ జబ్బుపడ్డాడు, ఆయన్ను చూసుకోవడంలో రాత పోయింది అంది. గోడ మీద ఆయన ఫోటో ఉంది. నీటిపారుదల ఇంజనీరట. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

ఇదీ కుదరలేదు, రాత ఆగి ఇరవై ఏళ్లు దాటింది. కానీ పైకి అనలేదు. మనిషి ఒక ప్రశ్నకు రెండు జవాబులు చెబుతోందంటే మూడోది ఎక్కడో ఉందన్నమాట. ఈ కుతూహలం నాకు కొత్త. ఇన్నేళ్లూ సర్వర్లు ఎందుకు పడిపోయాయో వెతికాను గాని, మనుషులు ఎందుకు ఆగిపోయారో ఎప్పుడూ వెతకలేదు.

ఫిబ్రవరి 12

మేనేజరుకు ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 25

కిందికెళ్తే ఎఫీ గదిలో ఒక అమ్మాయి ఉంది. పేరు కర్స్టీ. ఈ ఊళ్లోనే చిన్న పుస్తకాల సంస్థ నడుపుతోంది. మే నెలలో ఎఫీకి ఎనభై నిండుతాయి. ఆ సందర్భంగా 'ఆగ్నెస్' మళ్లీ అచ్చు వేస్తానని వచ్చింది.

"వద్దు" అంది ఎఫీ.

కర్స్టీ ముఖం వాడిపోయింది.

"అది నా పుస్తకం కాదు. నేను మిల్లు ఆడవాళ్లను మిల్లు ఆడవాళ్లలా మాట్లాడించాను. లండన్ ఎడిటరు వాళ్ల నోట్లోంచి ఆ భాష పీకేసి రేడియో ఇంగ్లీషు పెట్టింది. అమ్ముడుపోవాలంటే తప్పదంది. అమ్ముడుపోయింది. ఈ ఊళ్లో నా తోటి రచయితలు మాత్రం ఎఫీ లోగన్ అమ్ముడుపోయింది అన్నారు. నేను రాసినట్టు వేస్తే వెయ్యి, లేకపోతే మానెయ్యి."

అసలు రాతప్రతి ఉందా అని కర్స్టీ అడిగింది. ఇల్లు మారినప్పుడు పోయిందట. అప్పుడు ఎఫీ నా వైపు తిరిగింది. "ఇతను చదువుతాడు. నేను గుర్తు చేసుకుంటాను" అంది.

ఏప్రిల్ ఆఖరుకల్లా కావాలని కర్స్టీ గడువు పెట్టింది. నేను ఒప్పుకున్నానో లేదో ఎవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాణ్నే.

మార్చి 3

పని ఇలా సాగుతోంది. పుస్తకంలో ఉన్న మాట నేను చదువుతాను. "ఐ యామ్ నాట్ గోయింగ్ హోమ్." ఎఫీ కళ్లు మూసుకుని, "ఆమ్ నో గాన్ హేమ్" అంటుంది. నేను టైపు చేస్తాను. ఆమె మళ్లీ చదవమంటుంది. నేను చదివితే నవ్వుతుంది. ప్రొద్దుటూరు నోట్లోంచి పెయిస్లీ వస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని, సిరి మాత్రం సోఫా మీద దొర్లి దొర్లి నవ్వింది.

హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన వారంలోనే 'వస్తాండా' నా నోట్లోంచి పోయి 'వస్తున్నా' వచ్చింది. ఎవరూ మార్చుకోమనలేదు. ఇది ఎఫీకి చెప్పాను. చాలా ఆసక్తిగా విన్నది. "ఎవరూ అనలేదా? ఒక్కరు కూడా?" అని రెండుసార్లు అడిగింది.

మార్చి 10

ఆగ్నెస్ ఎలా ఉంటుందో నాకిప్పుడు బాగా తెలుసు. మిల్లులో దారం చుట్టే మెషీను దగ్గర ముప్పై ఏళ్లు నిలబడిన మనిషి. భర్త తాగి వస్తే తలుపు తీయదు, కిటికీలోంచి సూప్ గిన్నె మాత్రం అందిస్తుంది. యూనియన్ మీటింగులో ఒక్కసారి లేచి మాట్లాడుతుంది. ఆ ఒక్కసారి మీదే పుస్తకమంతా నిలబడింది.

ఒకటి గమనించాను. మిగతావాళ్ల మాటలు ఎఫీకి వెంటనే వస్తాయి. పక్కింటి బెట్టీ, సూపర్‌వైజరు, తాగుబోతు మొగుడు, అందరూ గలగలా మాట్లాడతారు. ఆగ్నెస్ మాట వచ్చేసరికి ఆగిపోతుంది. ఒకటి చెప్పి, కాదంటుంది. ఇంకోటి చెప్పి, అదీ కాదంటుంది. చివరికి "తర్వాత చూద్దాం" అంటుంది.

తర్వాత చూద్దాం అని పెట్టిన పేజీలు పెరుగుతున్నాయి.

మార్చి 18

క్లినిక్. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూశారు. నాగజ్యోతి కూడా వచ్చింది. కుడి తీగ బాగా కదులుతోంది. ఇంకొంతకాలం ఆగి చూడొచ్చన్నారు. ఆగి చూద్దాం.

మార్చి 19

నాగజ్యోతి పొద్దున్నుంచీ ముభావంగా ఉంది. పని ఎక్కువై ఉంటుంది.

మార్చి 27

మూడో జవాబు వచ్చింది. ఎందుకు ఆపేశారంటే, "అయిపోయింది. బావిలో నీళ్లయిపోతే తోడతామా?" అంది. కానీ అప్పుడే పక్కింటి బెట్టీకి పుస్తకంలో లేని కొత్త మాట ఒకటి అప్పటికప్పుడు అల్లి, నాతో టైపు చేయించింది. బావిలో నీళ్లున్నాయి.

అదొక్కటే కాదు. ఆమె "గుర్తు చేసుకుంటున్న" మాటల్లో కొన్ని ఒక రోజు ఒకలా, మరో రోజు మరోలా ఉంటున్నాయి. గుర్తున్నది అలా మారుతుందా?

ఏప్రిల్ 8

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

ఎఫీ చెల్లెలు జీన్ వచ్చింది. ఎయిర్ అనే ఊళ్లో ఉంటుంది, సముద్రం పక్కన. డెబ్బై ఐదు దాటినా చకచకా నడుస్తుంది. ఎఫీ పక్కగదిలో కంటి డాక్టరుతో ఫోన్లో ఉంటే, జీన్ నాకు టీ పోసి, ఏం చేస్తున్నారిద్దరూ అని అడిగింది. చెప్పాను. లండన్ ఎడిటరు తీసేసిన భాష తిరిగి పెడుతున్నామని.

"ఎవరు తీసేశారు?"

"లండన్ ఎడిటరు."

జీన్ కప్పు కింద పెట్టింది. "నాయనా, లండన్ ఆవిడ కామాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు. కాస్త యాస కలపమని ఉత్తరం కూడా రాసింది, మిల్లు వాసన రావాలని. ఎఫీయే కుదరదంది. ఆ పుస్తకం మా అమ్మ వంటింటి బల్ల మీదే ఎఫీ రాసింది. పేజీ తర్వాత పేజీ నేను చూశాను. మొదటి నుంచీ అంతే ఉంది, రేడియోలో మాట్లాడినట్టు."

ఎందుకని అడిగాను. నా గొంతు అందదని దగ్గరికి జరిగాను.

"మా అమ్మ అడిగింది. రెండో నవలలో మిల్లు ఆడవాళ్లను ఉన్నదున్నట్టు మాట్లాడించింది ఎఫీ. చర్చి హాల్లో ఎవరో దాన్ని పైకి చదివారు. అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, అయినా నవ్వారు. అమ్మ అక్కడే ఉంది. ఇంటికొచ్చి టోపీ కూడా తీయకుండా కూర్చుని, 'ఎఫీ, ఈసారి రాస్తే మమ్మల్ని కాస్త చక్కగా మాట్లాడించు. మాకు రాదు. నీకొచ్చు కదా' అంది."

పక్కగదిలో ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. జీన్ టాపిక్ మార్చి వాతావరణం గురించి మాట్లాడింది.

ఇప్పుడేం చేయాలి?

ఏప్రిల్ 9

చెప్పకూడదు. ఎనభై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఒక మాట నమ్ముకుని ఉంది. నాకెందుకు?

ఏప్రిల్ 10

పది పేజీలు చేశాం. ఆగ్నెస్ మాట వచ్చింది. ఎఫీ తడుముకుంది. "అసలు ప్రతిలో ఎలా ఉండేదో" అంటూ నుదురు రుద్దుకుంది. నేను ఊరుకున్నాను. గొంతు బాగాలేదని చెప్పి తొందరగా పైకొచ్చేశాను.

ఏప్రిల్ 11

చెప్పేశాను.

మళ్లీ అదే చోట ఆగింది, "ఆ లండన్ మనిషి లేకుంటే" అంది. నా నోరు ఊరుకోలేదు. "జీన్ వేరేలా చెప్పింది" అన్నాను. ఆ తర్వాత ఆపలేకపోయాను. చర్చి హాలు, టోపీ, అంతా చెప్పాను. కోపంతో కాదు, తెలుసుకోవాలనే. "మీకు నిజంగా గుర్తులేదా?" అని కూడా అడిగాను. ఎంత మొరటు ప్రశ్న.

ఎఫీ గోడ వైపే తిరిగి ఉంది. "ఇవాళ్టికి చాలు, చలపతీ" అంది. పేరు మామూలుగానే సరిగ్గా పలికింది. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

ఏప్రిల్ 12

తలుపు కొట్టాను. తీయలేదు.

ఏప్రిల్ 14

తీయలేదు. లోపల రేడియో వినిపిస్తోంది.

ఏప్రిల్ 15

కార్న్‌ఫ్లేక్స్ చదవలేదు. ఏమీ చదవలేదు.

ఏప్రిల్ 17

భోజనాల దగ్గర నాగజ్యోతికి మొత్తం చెప్పాను. విని, సిరిని గదిలోకి పంపి, కంచం పక్కకు నెట్టింది.

"ఆ పెద్దామెకు నిజం జెప్పినావు. మంచిదే. మనింట్లో ఎప్పుడు జెప్తావు బావా?"

"ఏం చెప్పాలి?"

"క్లినిక్‌లో డాక్టరు ఏమనింది? నేనూ పక్కనే ఉంటి గదా. ఎడమ తీగ రవ్వ గూడ కదల్లేదనింది. తిరిగొచ్చే ఆశ తక్కువనింది. సూది మందుతో ఆ తీగను మధ్యకు జరపొచ్చు, గొంతు పూర్తిగా రాకపోయినా మాట నిలబడతాదనింది. నువ్వు 'ఆగి చూద్దాం' అని తలకాయ ఊపి వచ్చేస్తివి. రోజూ అడిగితే 'మెరుగు' అంటావు. నీ మాట ఈ బల్ల ఆ పక్కకు గూడ రావడంల్యా. సిరి ఫ్రెండ్స్ ఇండ్లకు నిన్ను ఫోన్ చెయ్యమనడం ఎప్పుడో మానేసింది, తెల్సా? నీకు బాధైతాదని."

సిరి ఎదుటివాళ్ల మనసు కోసం మాట మార్చడం నేర్చుకోలేదని రాసుకున్నాను నేను.

"మరి నువ్వెందుకు అడగలేదు?" అన్నాను.

"నువ్వు జెప్తావేమో అని సూస్తాంటి."

డాక్టరమ్మకు ఆ రోజు దగ్గు రాలేదు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

ఏప్రిల్ 18

మేనేజరుకు ఫోన్ చేశాను. ఉన్న గొంతుతోనే. రెండుసార్లు "లైన్ కట్ అవుతోంది" అన్నాడు. లైన్ బాగానే ఉంది, ఇదే నా గొంతు అన్నాను. తర్వాత మర్యాదగానే మాట్లాడాడు. ఫోన్లు లేని పని ఏదైనా ఉందేమో చూస్తానన్నాడు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. పన్నెండేళ్లు నేను చేసిన పని ఇంకొకరికి వెళ్తుంది. వింటూ కిటికీలోంచి పెరట్లో ఆరేసిన దుప్పట్లు చూశాను.

సూది మందుకు క్లినిక్‌కు కూడా ఫోన్ చేశాను. జూన్ మొదటి వారం.

సిరిని కూర్చోబెట్టి చెప్పాను. "ఐ న్యూ, డాడ్" అంది. కాసేపాగి, "ఇట్స్ ఓకే, ఐ కెన్ హియర్ యు" అంది. దగ్గరికి జరిగి కూర్చుంది.

ఏప్రిల్ 21

ఎఫీ పైకొచ్చింది.

తలుపు తీస్తే కర్రతో నిలబడి ఉంది, ఆయాసపడుతూ. మూడేళ్లలో మా అంతస్తుకు ఎప్పుడూ ఎక్కలేదు. నాగజ్యోతి పరుగున వెళ్లి చేయి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది. టీ పెడితే, ఆ వాసన ఏమిటని అడిగింది. యాలకులు అంటే చెంచాతో తీసి వాసన చూసింది.

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అడగకుండానే.

"ఊళ్లో రచయితలు నన్ను అమ్ముడుపోయావన్నప్పుడు నేనేం చెప్పను? మా అమ్మ సిగ్గుపడింది, అందుకని ఇలా రాశానని చెప్పాలా? ఆమె పేరు పేపర్లోకి వస్తుంది. మళ్లీ నవ్వుతారు. లండన్ మీద పెడితే ఎవరికీ దెబ్బ తగలదు. ఒకసారి ఒక ఇంటర్వ్యూలో అన్నాను. మరోసారి అన్నాను. పదేళ్లయ్యేసరికి అది నిజంగానే జరిగినట్టు కనిపించేది. ఆ ఎడిటరు ఎర్రపెన్సిల్ కూడా కనిపించేది నాకు. నువ్వు అడిగావు, నిజంగా గుర్తులేదా అని. ఈ పది రోజులూ అదే వెతికాను. గుర్తుంది. గుర్తు లేకుండా పెట్టుకున్నాను."

"అమ్మకు నచ్చిందా ఆ పుస్తకం?" నాగజ్యోతి అడిగింది, తన ఇంగ్లీషులో, మెల్లగా.

ఎఫీ ముఖం మారిపోయింది. "ఆమె ఆ పుస్తకాన్ని శుభ్రమైన టవల్లో చుట్టి పెట్టుకునేది. ఆగ్నెస్ యూనియన్ మీటింగులో మాట్లాడే పేజీ వంటగదిలో నిలబడి పైకి చదువుకునేది, అలాగే, ఒక్కో అక్షరం పలుకుతూ. నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. ఇంత పెద్ద బహుమతి నాకెవరూ ఇవ్వలేదు. ఆమె పోయాక చివరి నవల ఒకటి ఎలాగో పూర్తి చేశాను. తర్వాత కూర్చుంటే, ఎవరికి చదివి వినిపించడానికి రాస్తున్నానో తెలియలేదు. అదీ నీ ప్రశ్నకు జవాబు. మూడుసార్లు అడిగావు కదా."

నేను తలూపాను. ఆమెకు కనిపించదని గుర్తొచ్చి, "అవును" అన్నాను.

"పుస్తకం ఏం చేద్దాం?" అన్నాను తర్వాత.

"వేస్తాం. బెట్టీ, మొగుడు, సూపర్‌వైజరు, అందరూ వాళ్ల మాటే మాట్లాడతారు. వాళ్లలా మాట్లాడినందుకు సిగ్గుపడాల్సిందేమీ లేదని నాకిప్పుడు తెలుసు. ఆగ్నెస్ మాత్రం ఉన్నట్టే ఉంటుంది. ఒక్క అక్షరం మార్చను. మా అమ్మ అడిగింది అది."

కర్స్టీకి ఫోన్ చేసి చెప్పాం. మిల్లులో అందరూ ఒకలా మాట్లాడి, ఒక్క మనిషి మాత్రం రేడియో చదివినట్టు మాట్లాడితే పాఠకులు ఎందుకని అడగరా అంది.

"అడగనీ" అంది ఎఫీ. "ముందుమాటలో చెబుతాను. ఇతను టైపు చేస్తాడు."

ఏప్రిల్ 30

ముందుమాట అయింది. మూడు పేజీలు. ఇరవై ఏళ్ల తర్వాత ఎఫీ లోగన్ రాసిన మొదటి మూడు పేజీలు. చదివి వినిపించాక, "ఎలా ఉంది?" అంది, మొదటి రోజులాగే.

లండన్ ఎడిటరుకు క్షమాపణ చెప్పే చోట కాస్త ఎక్కువైందన్నాను. రెండు వాక్యాలు కొట్టేయించింది.

మే 23

గ్రంథాలయంలో పుస్తకం విడుదల సభ. అరవై మందికి పైగా వచ్చారు. జీన్ ముందు వరసలో, నాగజ్యోతి, సిరి పక్కనే. ఎఫీ నీలం గౌను వేసుకుంది.

తనకు అక్షరాలు కనిపించవు కాబట్టి నేనే చదవాలంది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. మైకు ఉంటుంది కదా అంది. యూనియన్ మీటింగుకు ముందు వంటింట్లో ఆగ్నెస్, బెట్టీ మాట్లాడుకునే అధ్యాయం.

మొదటి పేజీ గడిచింది. బెట్టీ మాటలు నా నోట్లో వింతగా ఉన్నాయి, జనం నవ్వారు. హాయిగా నవ్వారు. రెండో పేజీ మధ్యలో గొంతు పోయింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. నీళ్లు తాగాను. మళ్లీ ప్రయత్నించాను. మైకులోంచి గాలి చప్పుడు. సిరి వాళ్లమ్మ చేయి గట్టిగా పట్టుకుని చూస్తోంది.

అప్పుడు నా పక్కన ఎఫీ మాట్లాడింది. తర్వాతి మాట ఆగ్నెస్‌ది. పేజీ చూడకుండా, చూడలేకుండా, కంఠతా చెప్పింది. రోజూ ఆమె మాట్లాడే గొంతు కాదు. కొత్త బూట్లు వేసుకుని మెట్లు దిగుతున్నట్టు, ఒక్కో మాట మీద పాదం ఆనించి, తర్వాతి దాని మీదికి వెళ్లే గొంతు. జీన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అది అమ్మ గొంతని ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

బెట్టీ జవాబు నేను గుసగుసగా చదివాను. మైకు అందుకుంది. ఆగ్నెస్ మళ్లీ మాట్లాడింది. అలా ఇద్దరం ఆ వంటింటి బల్ల దగ్గర చివరి వరకూ కూర్చున్నాం, నేను గుసగుసలాడుతూ, ఆమె నిటారుగా. ఎవరూ నవ్వలేదు.

చప్పట్లు ఆగాక ఎఫీ నా చేయి వెతుక్కుని పట్టుకుంది.

"ఆమె మాట వెనక వరసకు వినిపించిందా?"

వెనక వరసలో ఒక పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. వినిపించింది అన్నాను.